తొమ్మిదో తేదీన మబ్బు పట్టింది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం. శాస్త్రవేత్తల సొంత నోటుబుక్కులు, ఉత్తరాలు, లాగ్‌బుక్కులు, వాళ్లు వేసుకున్న పట్టికలు క్లాసుకు తీసుకెళ్లి వాటితోనే సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు చెప్పమంటున్నారట. శిక్షణ తరగతుల్లో వీటిని ప్రైమరీ సోర్సులు అంటున్నారు. నేను మూలపత్రాలు అంటాను. ముప్ఫై రెండేళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఈ మూలపత్రాలతో క్లాసులో ఘోరంగా బోల్తా పడ్డవాణ్ణి కూడా. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మాస్టారూ, నేను తొమ్మిదో తరగతికి సైన్సు చెబుతాను. గురుగ్రహం పక్కన చంద్రుల్ని గెలీలియో గీసిన పేజీని ప్రొజెక్టర్ మీద చూపించాను. పిల్లలు “బాగుంది టీచర్” అన్నారు. అంతే. పావుగంట పోయింది, సిలబస్ ఎక్కడిదక్కడే ఉంది. ఇది నిజంగా పనికొచ్చే పద్ధతేనా, ఎవరైనా చూడ్డానికి వచ్చిన రోజు చేసే హడావిడా?

అమ్మా, మీ పిల్లలు మంచివాళ్లు, కనీసం బాగుందన్నారు. నేను మొదటిసారి అదే పుస్తకం నుంచి ఆరు పేజీలు ఇంగ్లీషు అనువాదంలో జిరాక్స్ తీయించి ఒక్కొక్కరి చేతిలో పెట్టాను. ముందు బెంచీ కుర్రాడు లేచి, “సార్, ఇది పరీక్షకొస్తుందా?” అన్నాడు. వాడి మీద అరిచాను. తప్పు నాదని తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఆ పీరియడ్‌లో నేను చెప్పిన మొదటి వాక్యం ఏమిటంటే, “గురుడికి నాలుగు చంద్రులున్నాయని గెలీలియో కనిపెట్టినప్పటి పేజీలివి.” హంతకుడెవరో చెప్పేసి డిటెక్టివ్ నవల చేతికిస్తే ఎవరు చదువుతారు?

మూలపత్రానికి ఉన్న బలమంతా ఒక్కటే. అది రాస్తున్న మనిషికి ఆ రోజుకి జవాబు తెలియదు. పాఠ్యపుస్తకానికి మొదటి వాక్యం నుంచే తెలుసు. మనం ముందుగానే జవాబు చెప్పేస్తే మూలపత్రం కూడా ఇంకో పాఠ్యపుస్తకమే అయిపోతుంది, పైగా అర్థంకాని భాషలో.

ఆ తర్వాతి ఏడాది ఇలా చేశాను. పేరు చెప్పలేదు, పుస్తకం చూపించలేదు. “1610 జనవరి 7 రాత్రి ఒకాయన తాను చేసుకున్న టెలిస్కోపులోంచి ఒక గ్రహాన్ని చూశాడు. పక్కనే మూడు చిన్న చుక్కలు కనిపిస్తే ఇలా గీసుకున్నాడు” అని బోర్డు మీద వేశాను.

తూర్పు ✱ ✱ ◯ ✱ పడమర

“అవి మామూలు నక్షత్రాలే అనుకున్నాడు. మర్నాడు రాత్రి ఎలా కనిపించి ఉంటాయో మీ నోట్సులో గీయండి.” ఎక్కువ మంది అదే బొమ్మ మళ్లీ వేశారు. కొందరు గ్రహాన్ని కాస్త జరిపారు. అప్పుడు ఎనిమిదో తేదీ బొమ్మ వేశాను.

తూర్పు ◯ ✱ ✱ ✱ పడమర

క్లాసంతా గోల. మూడూ పడమరకే పోయాయి! “గ్రహమే తూర్పుకు జరిగింది సార్” అని ఇద్దరు ముగ్గురు అరిచారు. గెలీలియోకి వచ్చిన అనుమానం కూడా సరిగ్గా అదే. చిక్కేమిటంటే, అప్పటి ఖగోళ లెక్కల ప్రకారం ఆ రోజుల్లో గురుడు పడమర వైపు కదులుతూ ఉండాలి. బొమ్మ చూస్తే తూర్పుకు వెళ్లినట్టుంది. మరి లెక్కలే తప్పా అని ఆయన తల పట్టుకున్నాడు. మహానుభావుడు పొరబడిన చోటే తామూ పొరబడ్డామని తెలిస్తే పిల్లల మొహాలు ఎలా వెలుగుతాయో మీరు చూడాలి.

“మరి తొమ్మిదో తేదీన ఏం కనిపించింది?” అని అడిగి కాసేపు ఆగాను. తర్వాత ఆయన రాసుకున్నదే చెప్పాను: ఆకాశమంతా మబ్బు పట్టింది.

“అయ్యో!” అన్నారు అందరూ. ఫిజిక్స్ క్లాసులో మబ్బు పట్టిందని పిల్లలు బాధపడ్డం నా సర్వీసులో అదే మొదటిసారి. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఆ మబ్బు ఉండదు. ఆ ఒక్క రాత్రి ఆయన ఎంత తహతహలాడి ఉంటాడో ఏ బొమ్మా చెప్పలేదు.

పదో తేదీన రెండే చుక్కలు, రెండూ తూర్పున. మూడోదేది? “వెనకాల దాక్కుంది” అన్నాడు, పరీక్షకొస్తుందా అని అడిగే తరహావాడే ఒకడు. గెలీలియో కూడా గురుడి వెనక ఉండి ఉంటుందనే అనుకున్నాడు. పదకొండో తేదీకల్లా ఆయనకు విషయం తేలిపోయింది. ఇవి నక్షత్రాలు కావు, సూర్యుడి చుట్టూ శుక్రుడు, బుధుడు తిరిగినట్టు గురుడి చుట్టూ తిరుగుతున్నాయి. పదమూడున నాలుగోది కూడా కనిపించింది. మార్చి 2 దాకా చూసినవి రాసుకుంటూ పోయి, ఆ నెలలోనే వెనిస్‌లో పుస్తకం అచ్చు వేయించాడు.

ఆయన పేరు చెప్పి, అసలు పేజీ చూపించింది అప్పుడు. మొత్తం కలిపి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. టెలిస్కోపు ఉపయోగాలు అని నోట్సు చెప్పి రాయించే పని మానేస్తే ఆ టైము దొరికింది. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

ఇంకొకటి. శిక్షణలో మీకు పది గళ్ల వర్క్‌షీటు ఇచ్చి ఉంటారు: ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు వగైరా. నాకు దాని మీద సదభిప్రాయం లేదు. ఆ గళ్లు నింపే హడావిడిలో పిల్లలు బొమ్మ చూడరు. నేను రెండే అడుగుతాను. ఈయన కంటికి ఏం కనిపించింది? దాన్నిబట్టి ఏమనుకున్నాడు? కనిపించినదాని కింద ఒక గీత, అనుకున్నదాని కింద రెండు గీతలు గీయమంటాను. మూడు చుక్కలు కనిపించడం ఒక గీత, నక్షత్రాలనుకోవడం రెండు గీతలు. ఈ తేడా పట్టుబడిన పిల్లవాడికి ప్రయోగం రాసేటప్పుడు పరిశీలన, నిర్ధారణ అని విడిగా చెప్పక్కర్లేదు.

సార్, ఇలాంటి కాగితాలన్నీ లాటిన్‌లోనో, జర్మన్‌లోనో, పాతకాలపు ఇంగ్లీషులోనో ఉంటాయి. మా పిల్లలకు మామూలు ఇంగ్లీషే కష్టం. మరెలా?

అక్షరాలు తక్కువ, అంకెలు ఎక్కువ ఉన్నవి ఏరుకోండి. మెండెల్ బఠానీ మొక్కల వ్యాసం 1866లో జర్మన్‌లో అచ్చయింది. అందులో ఒక చిన్న పట్టిక ఉంది. పది మొక్కల్లో ఒక్కోదానికి గుండ్రటి గింజలెన్ని, ముడతల గింజలెన్ని అని. అది చదవడానికి ఏ భాషా అక్కర్లేదు: 45-12, 27-8, 24-7, 19-10, 32-11, 26-6, 88-24, 22-10, 28-6, 25-7.

పదిమంది పిల్లలకు తలా ఒక మొక్క ఇచ్చి, మొదటి అంకెను రెండోదానితో భాగించమనండి. గుండ్రటివి మూడుకు ముడతలవి ఒకటి అన్న సూత్రం బట్టీ పట్టినవాళ్లు కదా, అందరికీ 3 వస్తుందనుకుంటారు. ఒక్కరికి కూడా రాదు. నాలుగో మొక్క తీసుకున్నవాడికి 1.9 వస్తుంది, తొమ్మిదో మొక్కకు 4.67. “నాది తప్పొచ్చింది సార్” అని కొట్టేయబోతారు. కొట్టేయనివ్వకండి. పదీ కలిపితే 336కి 101, అంటే 3.33. మెండెల్ లెక్కపెట్టిన మొత్తం 7324 గింజల్లో 5474 గుండ్రనివి, 1850 ముడతలవి. ఇప్పుడు భాగిస్తే 2.96. లెక్కపెట్టిన గింజలు పెరిగేకొద్దీ నిష్పత్తి ఎలా కుదురుకుందో వాళ్ల చేతులతో వాళ్లే చూశారు. ఒక మొక్కకు 43 గుండ్రనివి, 2 మాత్రమే ముడతలవి వచ్చాయనీ, ఇంకో మొక్కకు 14, 15 వచ్చాయనీ మెండెలే దాచకుండా అచ్చు వేశాడు. పాఠ్యపుస్తకాలే వాటిని వదిలేశాయి. పెద్ద తరగతులకైతే ఇంకో మెలిక కూడా ఉంది. మెండెల్ వ్యాసంలోని అంకెలు ఉండాల్సినదానికన్నా మరీ చక్కగా ఉన్నాయని 1936లో రోనాల్డ్ ఫిషర్ అనే గణాంకవేత్త అనుమానపడ్డాడు. దాని మీద వాదన చాలాకాలం నడిచింది.

వాక్యాలు తప్పనిసరైనచోట మూడో నాలుగో మీరే తెలుగులో రాసుకోండి. ఒకటే జాగ్రత్త, రాసినాయన తడబడినచోట మీరు సరిదిద్దకండి. ఆయన “బహుశా” అంటే మీరూ “బహుశా” అనే రాయండి.

లెక్కలకు మూలపత్రాలేముంటాయి మాస్టారూ? సూత్రం సూత్రమే కదా!

ఎందుకుండవు? దాదాపు 3500 ఏళ్ల కిందట ఈజిప్టులో ఆమెస్ అనే లేఖకుడు రాసిన పాపిరస్ చుట్ట ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో ఒక లెక్క: గుండ్రటి పొలం, అడ్డుకొలత 9, వైశాల్యమెంత? ఆయన చేసిందిది. తొమ్మిదిలో తొమ్మిదో వంతు తీసెయ్, 8 మిగిలింది. ఎనిమిది ఎనిమిదులు 64. అయిపోయింది. ఎందుకలా అన్నది చెప్పడు, చేసి చూపిస్తాడంతే. (మనలో చాలామంది లెక్కల మాస్టార్లు ఆయన వారసులే.) మీ పిల్లల్ని పై (π) విలువ వేసి చేయమనండి, 63.6 వస్తుంది. ఇంత దగ్గరగా ఎలా వచ్చిందన్న ప్రశ్నతో ఒక పీరియడ్ గడిచిపోతుంది. గళ్ల కాగితం మీద వృత్తం గీసి గళ్లు లెక్కపెట్టనివ్వండి.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో శ్లోకం ఇంకా రుచిగా ఉంటుంది. వందకు నాలుగు కలిపి, ఎనిమిదితో గుణించి, 62,000 కలుపు, 20,000 వ్యాసం ఉన్న వృత్తానికి చుట్టుకొలత వస్తుంది అంటాడు. చేసి చూస్తే 62,832. భాగిస్తే 3.1416. అందులో నేను పిల్లలకు చూపించేది ఆ అంకెను కాదు, “ఆసన్న” అన్న మాటను. పరీక్షలు ఆసన్నమయ్యాయి అంటాం చూడండి, అదే మాట. దగ్గరకొచ్చింది, ఇంకా చేరలేదు. తన జవాబు ఉజ్జాయింపేనని ఆయన ఆ శ్లోకంలోనే ఒప్పుకున్నాడు. 22/7 అంటే పై అని పరీక్షల్లో సమానం గుర్తు పెట్టే మనకన్నా జాగ్రత్తపరుడు.

నిష్పత్తులు చెప్పేటప్పుడు లీవెన్‌హుక్ 1676లో లండన్ రాయల్ సొసైటీకి రాసిన ఉత్తరం పనికొస్తుంది. నీళ్లలో సూక్ష్మజీవుల్ని చూసిన ఆ బట్టల వ్యాపారి దగ్గర అంత చిన్నవాటిని కొలిచే కొలమానమే లేదు. అందుకని ఇసుక రేణువుతోనూ, పేను కంటితోనూ పోల్చి రాసేవాడు. పేను కన్ను అనేసరికి వెనక బెంచీ కూడా లేస్తుంది.

మాస్టారూ, మా అమ్మాయి విమానాల మీద ప్రాజెక్టు చేస్తోంది. రైట్ సోదరులు ఆ రోజు ఎగిరిన అన్నిటికన్నా పెద్ద ఎగురుడు 59 సెకన్లని పుస్తకంలో ఉంది. వాళ్లే పంపిన టెలిగ్రాంలో 57 అని ఉంది. ఒరిజినల్ కాగితమే నిజం అనుకోవాలా? ఇద్దరికీ టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ పడాల్సిన పనిలేదండీ. మీ అమ్మాయికి ప్రాజెక్టులో అన్నిటికన్నా మంచి పేజీ దొరికింది, అంతే.

59 సరైనది. ఒరిజినల్ కాబట్టి తప్పుండదు అనుకోవడమే తప్పు. తేదీ 1903 డిసెంబర్ 17. ఆర్విల్ డైరీ ఉంది, తండ్రికి పంపిన టెలిగ్రాం ఉంది. రెండూ మూలపత్రాలే. అయితే డైరీ ఆయన చేత్తో రాసుకున్నది. టెలిగ్రాం ఆపరేటర్ల చేతులు మారి వెళ్లింది. దారిలో 59 కాస్తా 57 అయింది. అంతెందుకు, కింద సంతకంలో ఆర్విల్ పేరులోనే స్పెల్లింగ్ తప్పుంది. సొంత పేరు ఎవరూ తప్పు రాసుకోరు కదా! ఆ కాగితాన్ని ఎంతవరకు నమ్మాలో ఆ సంతకమే చెబుతోంది. ఈ రెండో ఆధారాన్ని మీ అమ్మాయినే పట్టుకోనివ్వండి, మీరు చెప్పకండి.

ఇక లెక్క చేయించండి. అన్నిటికన్నా పెద్దదైన ఆ ఎగురుడు, ఆ రోజు నాలుగోది, 852 అడుగులు. 59తో భాగిస్తే సెకనుకు 14.4 అడుగులు, అంటే గంటకు దాదాపు 10 మైళ్లు. సైకిలు కూడా దాటిపోతుంది. ఇదేం విమానం? ఇప్పుడు టెలిగ్రాం మళ్లీ చదవమనండి. ఎదురుగాలి 21 మైళ్లు, గాలిలో సగటు వేగం 31 మైళ్లు అని ఉంటుంది. 31లోంచి 21 తీసేస్తే 10. నేలను బట్టి వేగం వేరు, గాలిని బట్టి వేగం వేరు అన్న పాఠం ఆ కాగితంలోనే ఉంది. ఒక మాట, 57 వేసి చేసినా జవాబు 10 చుట్టుపక్కలే వస్తుంది. కాబట్టి ఏది తప్పో ఈ లెక్క తేల్చలేదు. కాగితం ఎవరెవరి చేతులు మారిందో చూసే తేల్చాలి. ఈ సంగతి కూడా ప్రాజెక్టులో రాయమనండి.

టెలిఫోన్ తయారుచేసిన గ్రాహంబెల్ కాగితాలు కూడా ఇలాగే ఉంటాయి. 1876 మార్చి 10 నాటి నోటుబుక్కులో ఆయన రాసుకున్నది, “మిస్టర్ వాట్సన్, ఇలా రండి, మిమ్మల్ని చూడాలి” అన్నానని, అంతే. బట్టల మీద యాసిడ్ ఒలికి సాయం కోసం పిలిచాడన్న కథ ఆయన సహాయకుడైన వాట్సన్ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. ఆ రోజు నోటుబుక్కులో యాసిడ్ ఊసే లేదు. రైట్ సోదరుల కాగితాలు, బెల్ కాగితాలు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది, పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

కంప్యూటర్‌లో తప్పుని బగ్ అనడం ఒక పురుగు దొరకడం వల్లే మొదలైందని క్లాసులో చెబుతుంటాను. కరెక్టేనా సార్?

కాదు. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 అనే కంప్యూటర్‌లో, ప్యానెల్ ఎఫ్‌లోని 70వ రిలేలో (కరెంటుతో పనిచేసే స్విచ్చు) రెక్కల పురుగు దొరికిన మాట నిజం. దాన్ని లాగ్‌బుక్కులో టేపుతో అంటించారు, ఆ పేజీ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. అయితే పురుగు కింద ఏం రాశారో చదవండి: “బగ్ నిజంగా దొరికిన మొదటి కేసు.” ఆ “నిజంగా” ఎందుకొచ్చింది? బగ్ అన్న మాట అప్పటికే వాడుకలో ఉంటేనే కదా ఆ జోకు పేలేది! ఎడిసన్ 1878లోనే ఒక ఉత్తరంలో ఆ మాట వాడాడు. ఈసారి కథ చెప్పకుండా పేజీ చూపించి, “ఈ వాక్యం రాసినవాళ్లకు బగ్ అంటే ముందే తెలుసా?” అని అడిగి చూడండి.

మా పిల్లల లాబ్ రికార్డుల్లో అందరి రీడింగులూ ఒకటే. ఒకరు చేస్తారు, నలభైమంది దించుతారు. ఈ మూలపత్రాలు దీనికేమైనా పనిచేస్తాయా?

చేస్తాయి, కానీ ముందు మన చేతిలో ఎర్ర పెన్ను సంగతి చూడాలి. ఒకసారి లఘులోలకం ప్రయోగంలో ఒక కుర్రాడు పట్టికలో మూడో రీడింగ్ పక్కన “ఇది నమ్మొద్దు, వాచీ ఆలస్యంగా నొక్కాను” అని రాశాడు. రికార్డులో ఈ రాతలేమిటని ఆ పేజీ మొత్తం కొట్టేసి మళ్లీ రాయించాను. వాడు శుభ్రంగా, అందరి అంకెలతో కలిసే అంకెలు వేసి తెచ్చాడు. పదికి తొమ్మిది వేశాను.

చాలా ఏళ్ల తర్వాత ఆర్విల్ రైట్ డైరీ చదివాను. మొదటి ఎగురుడు దాదాపు 12 సెకన్లు అని రాసి, ఆయన బ్రాకెట్లో ఒక ముక్క చేర్చాడు: వాచీని వెంటనే ఆపలేదు కాబట్టి టైము కచ్చితంగా తెలియదు. మానవ చరిత్రలో మొదటి విమానం ఎగిరిన రోజు డైరీలో, మా కుర్రాడు రాసిన మాటే.

కాబట్టి ఏడాది మొదట్లో ఆ బ్రాకెట్టు ఉన్న డైరీ పేజీని లాబ్ గోడకు అంటించండి. నూనె బిందువులతో ఎలక్ట్రాన్ ఆవేశం కొలిచిన మిల్లికన్ నోటుబుక్కు పేజీ కూడా చూపించండి. 1913 వ్యాసంలో ఆయన 58 నూనె బిందువుల ఫలితాలిచ్చి, 60 రోజుల్లో చూసినవన్నీ ఇవేనన్నాడు. నోటుబుక్కుల్లో చూస్తే ఇంకా చాలా బిందువులున్నాయి, ఒకచోట పక్కన “అందంగా ఉంది, తప్పకుండా ప్రచురించు” అని రాసుకున్నాడు. ఏరుకోవడం ఎంతవరకు సబబో పిల్లల్నే వాదించుకోనివ్వండి.

రికార్డులో ఫెయిర్ కాపీకి మార్కులు సగానికి తగ్గించండి. మిగతా సగం ప్రయోగం చేస్తూ రాసుకున్న రఫ్ కాగితానికి, కొట్టివేతలతో సహా, ఇవ్వండి. మొదటి నెల గొడవ చేస్తారు. ఆ రఫ్ కాగితాన్ని రికార్డులో పిన్ను కొట్టి ఉంచమనండి, లేకపోతే రెండో వారానికల్లా రఫ్ కాగితం కూడా దించుకుని తెస్తారు.